లాభం, రెండు, మూడు

గుంత ఎంత పెద్దదో చెప్పడం నా ఉద్యోగం. ఈ మాట అంటే మా మనవలు నవ్వుతారు, బావులు తవ్వించేదానివా నాయనమ్మా అని. బావులు కాదు. అన్నం గిన్నె పట్టేంత గుంత. దాని కొలత తేల్చినందుకు ఒమన్‌లో ఒక రోడ్డు కంపెనీవాళ్లు నాకు కొన్నేళ్లు జీతం ఇచ్చారు. ఆ జీతంతో మా పిల్లలు తిన్నారు, చదువుకున్నారు. అందుకు దేవునికి స్తోత్రం చెప్పకుండా ఈ సంగతి మొదలుపెట్టడం నాకు చేతకాదు.

డెబ్బైల నడిమి మాట. మావారు ఆ కంపెనీలో స్టోర్‌కీపరు. ఘాలా అనే చోట కంపెనీ యార్డు, దాని వెనకాల రేకుల గదులు. కుటుంబాలతో ఉండేవాళ్లం బహు కొద్దిమందిమి. మా అక్క అక్కడి ఆస్పత్రిలో నర్సు. ఆవిడే ముందు వెళ్లి మాకు దారి చూపించింది. కంపెనీ మట్టి పరీక్షల ల్యాబులో లెక్కలు రాసే అతను వేరే కంపెనీకి వెళ్లిపోతే, "మా ఇంటావిడకు లెక్కలు బాగా వచ్చండీ" అని మావారు అనేసి వచ్చారు. నేనా, బడి మొహం చూడని మనిషిని. మా అమ్మ పొయ్యి ఊదుతూ ఎక్కాలు అప్పజెప్పించుకునేది, బియ్యం చెరుగుతూ భిన్నాలు నేర్పేది. ఆ తర్వాత ప్రైవేటుగా మెట్రిక్ కట్టాను. అంతే నా చదువు. ల్యాబు ఇన్‌చార్జి కేరళాయన. ఒక పొడుగాటి భాగహారం ఇచ్చి, నేను చేసినంతసేపూ టీ తాగుతూ కూర్చుని, మర్నాటి నుంచి రమ్మన్నాడు.

ఇప్పుడు ల్యాబుల్లో చేరే పిల్లలకు యంత్రాలున్నాయి, మీట నొక్కితే అంకె వస్తుందంటున్నారు. సంతోషం. అప్పటి పద్ధతి కొంచెం చెప్పకపోతే ఈ కథ మీకు అందదు. రోడ్డు కింద మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, రోలరుతో తొక్కిస్తారు. సరిగా గట్టిపడిందా లేదా అన్నది కాలితో తన్ని చూస్తే తెలియదు. సాంద్రత చూడాలి. సాంద్రత అంటే పెద్ద విషయమేం కాదు, బరువును ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేదే; ఇంత చోటులో ఎంత బరువు కూరుకుందో చెప్పే అంకె. ఆ పొరలో చిన్న గుంత తీసి, తీసిన మట్టినంతా ఒక్క పలుకు పోకుండా సంచిలో వేసి తెస్తారు. తూచి, తడి మినహాయిస్తే బరువు వచ్చేస్తుంది. చిక్కంతా ఘనపరిమాణంతోనే. గుంతకు మూలలుండవు, అంచులు తిన్నగా ఉండవు. నీళ్లు పోసి కొలుద్దామంటే మట్టి తాగేస్తుంది. అందుకని ఎండబెట్టి జల్లించిన సన్న ఇసుకను గరాటులోంచి ఆ గుంతలోకి జారవిడుస్తారు. ఎంత ఇసుక పట్టిందో తూస్తారు. ఇసుక సాంద్రత ముందే తెలుసు కనుక, ఆ అంకెతో భాగిస్తే గుంత కొలత తెలిసిపోతుంది.

ముందే ఎలా తెలుసు అంటారా? ఎంత పడుతుందో కచ్చితంగా తెలిసిన ఒక ఇనప డబ్బా ఉండేది. అదే ఇసుకను అదే గరాటులోంచి మెల్లగా ఆ డబ్బాలోకి వదిలి, పైన బద్దతో గీసి, తూచి, డబ్బా కొలతతో భాగించాలి. మూడుసార్లు నింపి సగటు కట్టాలి. కొత్త బస్తా విప్పినప్పుడల్లా ఈ పని ఉంటుంది. నా లెక్కలన్నీ ఆ ఒక్క అంకె మీద నిలబడేవి.

ఇసుక పని చూసే ఆయన కరీంనగర్ జిల్లా రైతు. నలభై దాటిన మనిషి. సైటులో మట్టి పనికి వచ్చినవాణ్ణి, చెయ్యి నిదానం చూసి ఇన్‌చార్జి ల్యాబులోకి తీసుకున్నాడు. రోలరు నడిపే తన జిల్లావాళ్లతోనే ఒక రూములో ఉండేవాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. పొద్దున పని మొదలుపెట్టే ముందు నేను కళ్లు మూసుకుంటే, ప్రార్థన అయ్యేదాకా త్రాసు గిన్నెలు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని నిలబడేవాడు.

"ఐపోయిందా చెల్లె? నా పేరు గూడ చెప్పినవా మీ దేవునికి?"

"చెప్పానన్నా."

"ఏమన్నడు?"

"ఇసుకలో రాళ్లు ఏరమన్నాడు."

"గది నువ్వన్న మాట. దేవుడు గట్లనడు."

వేసవి ముదిరే ముందు ఇన్‌చార్జికి సెలవు దొరికింది. పెళ్లి చేసుకోవడానికి ఊరికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, అప్పటిదాకా తానే చేసే డబ్బా నింపే పని కూడా ఈ అన్నకే అప్పగించి, తన వచ్చీరాని హిందీలో చెప్పాడు: "డబ్బా పూరా భర్నా. కమ్ నహీ హోనా." నిండుగా నింపు, తక్కువ కాకూడదు అని. ఈయన తలూపాడు.

తర్వాత కొత్త బస్తా విప్పాం. ఇసుక సాంద్రత ఒకటిన్నర వచ్చింది. పాత బస్తా కంటే ఎక్కువే. అయితే ఇసుకకూ ఇసుకకూ తేడా ఉంటుంది గదా అనుకున్నాం. అప్పటి నుంచి సైటు ఫలితాలు ఎంత బాగా వచ్చాయంటే, చూసినవాళ్లు ముచ్చటపడ్డారు. ల్యాబులో దిమ్మిసతో కొట్టి, ఆ మట్టి ఎంత గట్టిపడగలదో ముందే ఒక హద్దు కట్టుకుంటాం. సైటులో పొర దానికి నూటికి తొంభై ఎనిమిది వంతులు వస్తే పాసు. మాకు నూరు, నూటొకటి వచ్చాయి. నూరు దాటడం వింతేం కాదు, రోలరు బరువైనదైతే దాటుతుంది. మట్టి పని సూపర్‌వైజరు ఉత్తరప్రదేశ్ ఆయన. మత్రా బజారు నుంచి ఖర్జూరాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "భాభీజీ, ఆప్ కా హాథ్ ముబారక్ హై" అన్నాడు, మీ చెయ్యి మంచిది వదినగారూ అని. నా చేతిలో ఏముంది, భాగించే చెయ్యి. అయినా ఖర్జూరాలు మంచివి, పిల్లలకు పెట్టాను.

రోడ్డు వేసేది మా కంపెనీ. సరిగా వేస్తున్నారా అని చూడడానికి ప్రభుత్వం తరఫున వేరే ఇంజినీరు ఉండేవాడు. ఇంగ్లండు మనిషి, మేం పెద్దసారు అనేవాళ్లం. ఆయన ఒకనాడు చెప్పాపెట్టకుండా తన మనుషులతో, తన ఇసుకతో, తన డబ్బాతో మా పొర మీద గుంతలు తీయించాడు. మేం నూటొకటి అన్నచోట ఆయనకు తొంభై అయిదుకు కూడా రాలేదు. ఒక్కచోట అయితే పొరపాటు అనుకోవచ్చు. తీసిన ప్రతి గుంతలోనూ అదే తేడా. సైటులో పని ఆపేశారు.

సైటులో అనుకున్న మాట కంపెనీ బస్సుతో పాటే యార్డులో దిగుతుంది. మావారు స్టోరు వదిలి ల్యాబుకు వచ్చారు.

"మీ అన్నను క్యాన్సిల్ చేసేస్తారట."

క్యాన్సిల్ అంటే వీసా కొట్టేసి విమానం ఎక్కించడం. ఆ ఒక్క మాటకు అక్కడ అందరికీ అన్నం సహించేది కాదు.

"ఎందుకండీ?"

"రోలరువాళ్లతో ఒకే రూము కదా. వాళ్ల పని పాసు కావాలని ఇసుకలో ఏదో చేశాడని సూపర్‌వైజరు చెప్పాడట. పైగా సాక్ష్యం కూడా ఉందట. డబ్బా నింపుతూ 'లాభ్, లాభ్' అనుకుంటున్నాడట. లాభం లేకపోతే ఆ మాటెందుకంటాడని."

నేను ఆ బస్తా విప్పిన నాటి నుంచి చేసిన లెక్కలన్నీ తీసి మళ్లీ భాగించాను. ఒక్కటీ తప్పలేదు. నా లెక్క తప్పయితే బాగుండునని నేను ఆశపడ్డది అప్పుడే.

అన్న వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"చెల్లె, నేనేం జేసిన? పొమ్మంటె పోత. బాయికాడ పనికి పోత, కొత్తేం గాదు. గని దొంగతనం జేసి వచ్చిండంటె ఊర్లె మొకమెట్ల జూపెట్టాలె?"

మంచినీళ్లిచ్చాను.

పెద్దసారు నుంచి కబురు వచ్చింది, ఆ మనిషిని, డబ్బాను, ఇసుకను, త్రాసును సైటుకు తీసుకురమ్మని. ఈయనకు హిందీ ఓ మాదిరిగా వచ్చు గాని, భయపడితే తెలుగు తప్ప ఇంకేదీ నోట పలకదు. అందుకని చెప్పిన మాట చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పడానికి నన్నూ రమ్మన్నారు. ఆడమనిషి సైటుకు వెళ్లడం మా కంపెనీలో అంతకు ముందు లేదు.

"నువ్వెందుకు ఇందులో?" అన్నారు మావారు.

"ఆయన మాట ఇంకెవరికి తెలుస్తుందండీ?"

మావారు తన టోపీ తెచ్చి ఇచ్చారు. నేను కొంగే కప్పుకున్నాను, కానీ టోపీ ఒళ్లో పెట్టుకున్నాను.

డ్రైవరు ఒమానీ ముసలాయన. కొండలు అటూ ఇటూ మాడిపోయిన పెనాల్లా ఉన్నాయి. నేను కళ్లు మూసుకుని ఒక్కటే అడిగాను: ప్రభువా, నా నోట ఎక్కువ రానీయకు, తక్కువా రానీయకు. తెలివి చూపించాలన్న ఆశ పుడితే దాన్ని అణిచెయ్యి.

రోలరు నిలిపేసి ఉంది. దాని నీడలో రూమువాళ్లంతా కూర్చుని ఉన్నారు. పెద్దసారు ఒక పెట్టె మీద కూర్చుని, నాకు ఇంకో పెట్టె చూపించాడు. నువ్వు ఎవరి పక్షమూ కాదు, అతను ఏదంటే అదే చెప్పు అన్నాడు. ముందు ఆ లాభం సంగతి అడగమన్నాడు.

"అన్నా, డబ్బా నింపేటప్పుడు లాభం అంటావట, ఎందుకు?"

ఆయన బిత్తరపోయాడు. "మరేమనాలె? ఒకటి అనరాదు గద చెల్లె. కల్లంల మొదటి కుంచం లాభమే గద. లాభం, రెండు, మూడు. మీ దిక్కు గట్లనరా?"

మా వైపూ అంటారు. నాకు నవ్వు వచ్చింది, ఎన్నాళ్లకో ఊపిరి వచ్చినట్టయింది. మా దేశంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అని లెక్కపెట్టరనీ, శుభం కోసం లాభం అంటారనీ, రెండు మూడు అన్నవి ఆ తర్వాత వస్తాయనీ పెద్దసారుకు చెప్పాను. సూపర్‌వైజరు "సబ్ కహానీ హై", అంతా కట్టుకథ అని చేయి విసిరాడు. పెద్దసారు విసుక్కోలేదు. ఇది ధాన్యం కాదు గదా, ఇసుకకు ఎందుకు అన్నాడో అడుగు అన్నాడు.

"ఇసుకైతె ఏంది, వడ్లైతె ఏంది?" అన్నాడు అన్న. "కొలిచేది కొలిచేదే గద."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పేశాను. చెప్పాక నాకే ఒక సందేహం వచ్చింది. ఇసుకా వడ్లూ ఆయనకు ఒకటే అయితే, మరి కొలవడం? మా అమ్మ బియ్యం కొలిచే తీరు కళ్లముందు నిలిచింది. ఇరుగమ్మకు చేబదులు ఇచ్చినా సరే, మానిక నింపి నేలకేసి రెండు దెబ్బలు తట్టి, దిగినంత మళ్లీ పోసి, మళ్లీ తట్టి, అప్పుడు గాని ఇచ్చేది కాదు.

పెద్దసారు ఈ ప్రశ్న అడగలేదు. నేను అడక్కపోతే ఎవరూ అడగరు. లాభం అన్న నింద తొలగింది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే, తేడా ఈయన చేతిదేనని నేనే చూపించినట్టవుతుంది. తెరవకపోతే ఆ తేడా ఎక్కడిదో తెలియదు, దొంగ అన్న పేరు ఈయనతోనే విమానం ఎక్కుతుంది. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు అని దారిలో అడుక్కున్నది నేనే కదా. నేనొకటి అడగవచ్చా అన్నాను. పెద్దసారు తలూపాడు.

"అన్నా, డబ్బా నిండాక ఏం చేస్తావు?"

"ఏం జేస్త? జర కొడ్త. దిగుతది. మల్ల పోస్త, మల్ల కొడ్త. దిగుడు ఆగినంక గీస్త."

"ఎందుకు కొట్టడం?"

దారి తప్పిన దాన్ని చూసినట్టు చూశాడు నన్ను. "కొట్టకుంట గీస్తె గది కొలతనా చెల్లె? గుల్లగుల్ల పోసి ఇస్తె తీసుకున్నోని ఉసురు తగుల్తది. సారు పూరా నింపమన్నడు. పూరా నింపిన. కమ్ జెయ్యలే."

ఒక్క మాటా వదలకుండా చెప్పాను. ఉసురుకు ఇంగ్లీషులో మాట దొరకలేదు. మోసపోయిన ఆకలివాడి ఊపిరి మనకు తగులుతుందని చెప్పాను. పెద్దసారు రాయడం ఆపి, టోపీ తీసి, మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను వివరించేలోపే ఆయనకు అర్థమైపోయింది. మీకోసం చెబుతాను.

తట్టి నింపిన డబ్బాలో ఇసుక కూరుకుంటుంది కాబట్టి ఒకటిన్నర తూగింది. కానీ గుంతలో ఎవరూ తట్టరు, ఇసుక వదులుగానే పడుతుంది. ఒక గుంతలోంచి తీసిన మట్టి తడి పోగా మూడువేల నూట యాభై గ్రాములు, దానిలో పట్టిన ఇసుక రెండువేల నూరు. రెండువేల నూరును ఒకటిన్నరతో భాగిస్తే గుంత పద్నాలుగు వందల ఘన సెంటీమీటర్లు. మట్టి బరువును దానితో భాగిస్తే రెండుంపావు. అక్కడి మట్టి హద్దు రెండు పాయింట్ రెండు రెండు. అందుకే నూటొకటి. ఇసుక అంకె పెద్దదయ్యేసరికి గుంత చిన్నదైంది, గుంత చిన్నదయ్యేసరికి మట్టి గట్టిదైంది. రోలరు చేయని పని డబ్బా మీద తట్టిన చెయ్యి చేసింది.

ఇప్పుడు తట్టకుండా నింపమను అన్నాడు పెద్దసారు.

"అన్నా, ఈసారి చెయ్యి తగలనీయకు. ఇసుక ఎలా పడితే అలా వదిలెయ్యి."

ఆయన గొంతుక్కూర్చున్నాడు. కుడిచేత్తో గరాటు మూత తీశాడు. ఇసుక పడుతుంటే ఎడమచెయ్యి దానంతటదే లేచి డబ్బా దాకా వచ్చింది. చూసుకుని, దాన్ని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. ఇసుక కుప్పగా లేచింది. బద్దతో గీశాడు. ఆయన పెదవులు కదిలాయి, లాభం అన్నాడో ఏమో వినపడలేదు. మూడుసార్లు నింపాడు, ప్రతిసారీ నేను తూచాను. కారు వెనక తలుపు దించి దాని మీద భాగించాను.

ఒకటి పాయింట్ నాలుగు.

ఆ అంకెతో అదే గుంత పదిహేను వందలైంది. అదే మట్టి రెండు పాయింట్ ఒకటి అయింది. నూటికి తొంభై నాలుగున్నర. పెద్దసారు తన లెక్క పక్కన పెట్టి చూసుకుని, నా వైపు కాగితం తిప్పాడు. రెండూ ఒక్కటే.

"తో క్యా, పూరా లేయర్ ఫేల్?" అని సూపర్‌వైజరు కేకేశాడు. ఆ కేక నాకు అనువదించే పని తప్పించింది, నీడలో ఉన్నవాళ్లకు అర్థమైపోయింది. రోలరు నడిపే అతను లేచి వచ్చాడు. అదే రూము మనిషి.

"ఏందే లాభం! ఇసుకను గింత కొట్టికొట్టి నింపినవా? వంట వంతు నీదైనప్పుడు మా పల్లెంల అన్నం గూడ గట్లనే నింపకపోయినవా, కడుపన్న నిండు!"

అందరూ నవ్వారు. నవ్వాక తొక్కిన రోడ్డు వైపు చూసి ఎవరూ నవ్వలేదు. ఎండాకాలం ఎదురుగా ఉంది.

సూపర్‌వైజరు, తప్పు ఈ మనిషిదేనని తేలింది గనక పంపేయాల్సిందే అన్నాడు. పెద్దసారు డబ్బాను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కింద పెట్టాడు. మోసం లేదు, రోడ్డు బాగోలేదు, అంతే అన్నాడు. మోసమైతే మనిషిని పంపాలి, రోడ్డుకైతే రోలరును పంపితే చాలు. కంపెనీకి తాను అలాగే రాస్తానని చెప్పాడు. రాశాడు కూడా. ఆ మనిషి నా మతంవాడో కాడో నాకు తెలియదు, ఇప్పటికీ నా ప్రార్థనలో ఉంటాడు.

"ఉంటావన్నా," అన్నాను. "పంపరు. దొంగతనం కాదని తేలింది."

ఆయన ముఖం వెలగలేదు. "మరి లేయరు?"

"తీసేసి మళ్లీ తొక్కాలి."

ఆయన రూమువాళ్ల వైపు చూశాడు. వాళ్లు చూపులు తిప్పుకున్నారు.

ఆ పొరను గీరి, తడిపి, మళ్లీ తొక్కడానికి ఆ వేసవి అంతా పట్టింది. ల్యాబు డ్యూటీ అయ్యాక ఆయనా వెళ్లి వాళ్లతో పాటు పైపు పట్టుకుని మట్టి తడిపి వచ్చేవాడు, ఎవరూ అడగకుండానే. లాభం అన్న పేరు మాత్రం ఆయనకు ఉండిపోయింది. ఇన్‌చార్జి పెళ్లికొడుకై తిరిగి వచ్చి, విన్నదంతా విని, ఇక మీదట ఆ "పూరా" అన్న మాట ల్యాబులో వాడనని తన దేవుళ్లందరి మీదా ఒట్టు పెట్టుకున్నాడు.

చిన్నవాళ్లు అడుగుతుంటారు, ఆ ఉద్యోగంలో ఏం నేర్చుకున్నావని. ఇచ్చేందుకు కొలిచేది ఒక కొలత, తెలుసుకునేందుకు కొలిచేది ఇంకో కొలత. మొదటిదానిలో చెయ్యి కాస్త ఉదారంగా ఉండాలి, రెండోదానిలో చెయ్యి అసలు ఉండకూడదు. మంచివాళ్లకు ఈ రెండోది కష్టం. నాకు తెలిసిందల్లా ఇంతే, ఇది కూడా ఇంకొకరి చెయ్యి చూసి తెలుసుకున్నదే.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో డబ్బా ఆయన ఒళ్లో ఉంది. కొండ మలుపుల్లో కారు కుదిపినప్పుడల్లా లోపల మిగిలిన ఇసుక సర్దుకుంటున్న చప్పుడు. యార్డు గేటు కనపడ్డాక అన్నాడు, నవ్వుతున్నాడో లేదో తెలియని గొంతుతో:

"నా జిందగీల తక్కువ కొల్చి బతికిన దినం గిదొక్కటే చెల్లె."